బావ పేరు మీద ఛాతీ ఫొటో

ఆ ఉదయం కృపానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. బందరులో ఇంటింటికీ తిరిగి, దగ్గు తగ్గనివాళ్లు ఎక్స్‌రే తీయించుకోవాలని బోధించే ఆరోగ్య కార్యకర్త ఆయన. తనకే కొన్నాళ్లుగా దగ్గు. అది నశ్యం వల్లేనని ఆయన వాదన. ఇంతలో పై ఊరి డాక్టరొకాయన ఎక్స్‌రే వ్యాను వేసుకుని దిగాడు. ఊరికి నీతులు చెప్పే సిబ్బంది తాము మాత్రం పరీక్షకు ఎందుకు రారో పరిశోధిస్తున్నాడట! ముందు మీరంతా ఫొటో తీయించుకోండి అన్నాడు.

క్షయ అని తేలితే ఉద్యోగం ఊడుతుందని కృపానందం భయం. అందుకని బావమరిది విల్సన్‌ని పిలిచాడు. గిలకలదిండిలో పడవ నడిపే విల్సన్‌ది తలుపంత ఛాతీ.

"ఫొటో తీసేవాడికి నా మొహం తెలీదురా. నా పేరు చెప్పి నిలబడు, చాలు."

బావ మాట విల్సన్ ఏనాడు కాదన్నాడు గనక! చొక్కా విప్పి, ఊపిరి బిగబట్టి వచ్చాడు.

మర్నాడు డాక్టరు కృపానందాన్ని పక్కకు పిలిచి, ఊపిరితిత్తిలో మచ్చ ఉందని మెల్లగా చెప్పాడు. పాపం, ఆయన గుండె జారిపోయింది. గుమ్మం దాటాక గానీ ఆ ఊపిరితిత్తి తనది కాదని గుర్తు రాలేదు. హమ్మయ్య అనుకుని, వెంటనే సిగ్గుపడ్డాడు.

సాయంత్రానికి కబురు ఊరంతా పాకింది. ఆఫీసులో ఆయన కుర్చీని వరండాలోకి జరిపారు. పాస్టరుగారు ప్రార్థన పెట్టించారు. భార్య ప్రభావతి ఏడుస్తూనే కంచం, గ్లాసు వేరు చేసింది. విల్సన్ మాత్రం కమలాపళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"మందులు వాడితే తగ్గిపోద్దంట బావా. నీకేం కాదు" అంటూ పక్కనే కూర్చుని దగ్గాడు.

ఆ దగ్గు విన్నాక కృపానందానికి పండు మింగుడు పడలేదు. మందులు తన పేరున, జబ్బు వాడి ఒంట్లో! ఉద్యోగం పోతే పోయిందనుకుని, విల్సన్ చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు.

"ఆ ఫొటో వీడిదండీ. నేను భయపడ్డాను."

డాక్టరు తిట్టాల్సిన నాలుగూ తిట్టి, జబ్బు తొలిదశలోనే దొరికింది గనక మందులతో నయమైపోతుందని విల్సన్‌కి ధైర్యం చెప్పాడు. తర్వాత కృపానందాన్నే నిలబెట్టి ఫొటో తీయించాడు. మచ్చా లేదు, మాయా లేదు. ఉద్యోగం నిలిచింది. నశ్యం డబ్బా మాత్రం ప్రభావతి చేతుల మీదుగా కాలవలోకి వెళ్లింది.

వెళ్లబోయే ముందు డాక్టరు తన పరిశోధన కోసం, ఏ జంకూ లేకుండా పరీక్షకు ఎలా వచ్చావని విల్సన్‌ని అడిగాడు.

"మా బావ వెళ్లమన్నాడండి."

ఆ విధంగా, జనాన్ని పరీక్షకు ఒప్పించడంలో బందరు సిబ్బంది అందరికన్నా కృపానందమే సమర్థుడని పరిశోధనలో తేలింది.