ఏడింటి పాట

“ఇవాళ ఏడింటికల్లా పాట కావాలే, యీమన్!” అన్నాడు మాక్ పింగ్‌క్వాన్ ఫోనులో. ట్రాము గంటల మోతలో కూతురికది ‘పాడె కావాలే’ అని వినబడింది.

“పొద్దున్నే ఏంటి నాన్నా ఆ మాటలు?”

“మీ అమ్మ పోయి ఇవాళ్టికి ఏడాది. అదుంటే మళ్లీ ఆవిడ దగ్గరికి వెళ్లినట్టుంటుంది.”

“మనిద్దరమే ఎలా ఎత్తుతాం నాన్నా?”

“నువ్వు ఎత్తుకో, నేను అందుకుంటా,” అని, ఫోను ఇంట్లోనే మరిచి, ఉప్పుచేప కోసం బజారుకు పోయాడు.

ఆయన బాధ వేరు. నలభై ఏళ్ల కిందట, షావ్‌కీవాన్ పేటలో తాముండే అంతస్తులో పద్నాలుగు ఇళ్ల తలుపులూ తెరిచే ఉండేవి. ఏడు కాగానే పద్నాలుగు టీవీల్లోనూ ఒకే సీరియల్ పాట. భార్య సౌలాన్ చేపను ఆవిరికి పెడుతూ గొంతు కలిపేది. ఆ పాట దాచుకున్న క్యాసెట్టు మొన్న పాడైంది. అప్పట్నుంచీ ఆయనకు పాట మొదలు గుర్తు రావడం లేదు. మొదలు పోతే, దాని వెనకే ఆమె గొంతూ పోతుందని భయం.

యీమన్ ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తేవాళ్లు లేరు. పక్కింటి లుక్ పెద్దమ్మకు చేసింది. “నాన్న పోతానంటున్నాడు, కాస్త చూడవా పెద్దమ్మా!” పెద్దమ్మ తలుపు బాదింది. చప్పుడు లేదు. ఆ మాట అంతస్తు దిగేకొద్దీ కాలం మార్చుకుంది: పోతాడట, పోతున్నాడట, పోయాడట. కింద దర్జీ ఫోక్ చెవిన పడేసరికి అది భూతకాలం, మాక్ భూతం. ఆ భూతం మాత్రం వెనక మెట్లెక్కి వచ్చి చేప వండుకుంటోంది.

సరిగ్గా ఏడింటికి మాక్ తలుపు తీస్తే, నల్లబట్టల్లో పదిమంది. పెద్దమ్మ చేతిలో తెల్ల చామంతులు. ఫోక్ చంకలో ఆఖరి ప్రయాణపు జుబ్బా.

“ఓరి నీ! నువ్వే తలుపు తీశావేంట్రా?” అన్నాడు ఫోక్.

“మా ఇంటి తలుపు నేను కాక ఎవడు తీస్తాడు?”

“బొజ్జ దగ్గర వదులు కూడా పెట్టానే! ఇప్పుడీ జుబ్బా ఎవరికి?”

“నువ్వే తొడుక్కో!”

వెనక యీమన్ రొప్పుతూ వచ్చింది. చేతుల్లో, పోయినవాళ్లకు పంపడానికి తగలబెట్టే కాగితం టీవీ. “పాడెకు చెప్పొచ్చా నాన్నా,” అని భోరుమంది. “అమ్మా నువ్వూ పైన చూసుకుంటారని టీవీ కూడా...”

“పాడె కాదే పిచ్చిమొహమా, పాట! మన ఏడింటి పాట! మొదలు మరిచిపోయా!”

పెద్దమ్మ ముక్కు చీది, సన్నగా మొదటి వరస ఎత్తుకుంది. ఫోక్ రెండోది అందుకున్నాడు. ఎవరికీ పాటంతా రాదు. తలా ఒక ముక్క. మూడో వరస దగ్గర అందరూ ఆగిపోయారు. అక్కడ ఎప్పుడూ సౌలాన్ గొంతే పైకి వినబడేది. మిగతావాళ్లు దాన్ని నేర్చుకోనే లేదు.

మాక్ కళ్లు మూసుకుని ఆ వరస పాడాడు.

ఇంకా చామంతులతో మెట్లెక్కి వస్తున్నవాళ్లందరికీ యీమన్ గుమ్మంలో నిలబడి, “పాడె కాదండీ, పాట,” అని చెబుతూనే ఉంది. ఆ సాయంత్రం పాడనిది కాగితం టీవీ ఒక్కటే; ఆ క్యాసెట్టులా పాడవనిదీ అదే.