టిక్ టిక్ మన్న ఎర్ర బ్యాగు

“ఎవ్వరూ దగ్గరికి రావద్దు! లోపల టిక్ టిక్ మంటున్నది!”

పద్మారావు నగర్ బస్‌స్టాప్ దగ్గర కానిస్టేబుల్ జీవరాజు వేసిన కేకకి సోడా బండివాడు బండి వదిలేసి పరిగెత్తాడు. తాడు కట్టి రోడ్డు ఆపేశారు. ఆగిన కార్లలో మొదటిది ఉదయ్ భాస్కర్‌ది. ఐదో తరగతి చదివే కూతురు సింధూర స్కూలు నుంచి రాగానే అన్నం తినిపించి ఒలింపియాడ్ పరీక్షకి తీసుకెళ్లాలని పొద్దున్నే ప్లాను వేసుకుని, ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టి మరీ ఇంటికి వస్తున్నాడు.

సెల్‌ఫోన్ మోగింది. భార్య సాయిదుర్గ. “ఏవండీ, స్కూలు బస్సు వెళ్లిపోయి చాలాసేపైంది. సింధూర ఇంకా ఇంటికి రాలేదు!”

అప్పుడు చూశాడు. బెంచీ కింద ఎర్ర బ్యాగు. జిప్పుకి వేలాడుతున్న గుడ్డ కుందేలు సింధూరదే. కారు దిగి తాడు కిందనుంచి దూరి పరిగెత్తాడు.

“అది మా అమ్మాయి బ్యాగండీ!”

జీవరాజు కాలర్ పట్టుకున్నాడు. “అయితే పెట్టింది నువ్వేనన్నమాట! ఏం పని చేస్తవ్?”

“సాఫ్ట్‌వేరండీ. మా అమ్మాయి కనపడటం లేదు, ముందు నన్ను వదలండి!”

“సాఫ్ట్‌వేరా? టైమర్లు గిట్ల సెట్ చేసుడు నీకు మస్తు తెలుస్తది!”

గుంపులో ఎవరో “దొరికాడు!” అన్నారు. ఆ కబురు పక్కనున్న మెట్టుగూడ చేరేసరికి దొరికినవాళ్లు నలుగురయ్యారు.

“నాన్నా!”

ఎదురుగా ఉన్న పార్కులోంచి సింధూర గెంతుకుంటూ వచ్చింది. ఉదయ్ భాస్కర్ రోడ్డు మీదే మోకాళ్ల మీద కూలబడి కూతుర్ని వాటేసుకున్నాడు. కాలర్ వదలని జీవరాజు కూడా వంగాల్సి వచ్చింది.

“బ్యాగు ఇక్కడ వదిలేశావేంటి తల్లీ?”

“స్కూల్లో కొత్తగా ధ్యానం క్లాసు పెట్టారు నాన్నా. పిల్లలకి టెన్షన్ ఎక్కువైందట. మోస్తున్న బరువంతా దింపేసి తేలిగ్గా నడవండి అన్నారు టీచర్. బస్సు దిగగానే దింపేశాను. నిజంగానే భలే తేలిగ్గా ఉంది! ఉయ్యాల కూడా ఎక్కాను.”

టీచర్ చెప్పింది మనసు సంగతి. బరువనగానే సింధూరకి గుర్తొచ్చింది వీపు.

జీవరాజు కాలర్ వదిలి బ్యాగు తెరిచాడు. ఒలింపియాడ్, అబాకస్, ఐఐటీ ఫౌండేషన్ పుస్తకాలు, మూత తియ్యని టిఫిన్ బాక్సు. అడుగున అలారం గడియారం, లెక్కలు టైము పెట్టుకుని చెయ్యడానికి. ఆఫీసులో అందరి పిల్లలూ అలాగే చేస్తున్నారని తెలిసి ఉదయ్ భాస్కర్ కొన్నది. జీవరాజు బ్యాగుని ఒంటి చేత్తో లేపబోయి, రెండో చెయ్యి కూడా వేశాడు.

“జెర నిజం చెప్పు బిడ్డా. గింత బరువు నీకు ఎవరు పెట్టిన్రు?”

సింధూర తండ్రి వంక చూసి, చప్పున తల దించుకుంది. “ఎవరూ కాదంకుల్. నేనే.”

ఆ అబద్ధానికి ఉదయ్ భాస్కర్ కూతురి వైపు తిరిగాడు. పాప మెడ పక్కన బ్యాగు పట్టీ ఒరుసుకున్న ఎర్రచార ఇప్పుడే చూశాడు. గడియారం తీసి ఆపేశాడు.

“కాదండీ, నేను. పరీక్ష వద్దులే తల్లీ. పద, ఉయ్యాల ఎక్కుదువుగాని.”

జీవరాజు వైర్‌లెస్ అందుకున్నాడు.

“బాంబు లేదు సార్. పెట్టినోడు మాత్రం దొరికిండు. వాళ్ల నాయినే.”