చంద్రవలయంలో చిక్కుడుగింజల కుండ

మంత్రవిద్య చేపట్టిన స్త్రీ వాడే సామాను కొన్నదై ఉండరాదు! దొరికినదైనా కావాలి, చేత్తో చేసినదైనా కావాలి! ఇది మా ఊరి చంద్రవలయ మంత్రగత్తెల సంఘం నియమావళిలో మూడో నిబంధన. దాని కింద చిన్నక్షరాల్లో ఇంకొకటుంది: పాతసామాన్ల దుకాణంలో డబ్బిచ్చి తెచ్చుకున్నది, బేరమాడకుండా తెచ్చుకున్నట్లయితే, దొరికినదిగానే పరిగణించబడును. ముప్పై ఒక్క ఏళ్ళు బళ్ళ లైసెన్సుల కిటికీ వెనక కూర్చున్నదాన్ని. ఇంత అందమైన మినహాయింపు ఏ సర్కారు ఉత్తర్వులోనూ చూడలేదు.

నా పేరు లొరెయిన్ తిబొడో. మసాచుసెట్స్‌లో ఈ మూల జనమంతా ఒకప్పుడు నా కిటికీ ముందు వరుస కట్టి, నన్ను తిట్టుకుంటూ నిలబడ్డవాళ్ళే. రిటైరయ్యాక తిట్టేవాళ్ళు కూడా లేకుండా పోయారు. ఇంట్లో నేనూ, టీవీ. ఒంటరితనంతో పిచ్చెక్కుతుంటే సంఘంలో ఖాళీ పడిందని తెలిసింది. సంఘానికి పదమూడుమంది ఉండాలి, పదమూడో ఆవిడ ఫ్లోరిడా వెళ్ళిపోయిందట. ఆ కుర్చీ నాకు కావాలి! మంత్రాలు వచ్చినా రాకపోయినా సరే, నెలకోసారి పన్నెండుమంది ఆడవాళ్ళు నన్ను పేరు పెట్టి పిలిస్తే చాలు.

ప్రవేశపరీక్ష ఒక్కటే. ఒక సామాను తెచ్చి సంఘం పెద్ద చేతుల్లో పెట్టాలి. ఆవిడ అసలు పేరు డోరిస్ పెల్కీ, దీక్షానామం వెండికాకి. ఏ వస్తువైనా పట్టుకుని కళ్ళు మూసిందంటే, అది ఇంతకుముందు ఎవరి చేతుల్లో మెలిగిందో, వాళ్ళ బుద్ధులేమిటో చెప్పేస్తుంది. ఏడు తరాలుగా వాళ్ళింట్లో వస్తున్న విద్యట.

బుధవారం పాతసామాన్ల దుకాణంలో అన్నీ సగం ధర. ఆ రోజు నాకొక ఇనప కుండ దొరికింది. మూడు కాళ్ళున్నాయి, బాగానే ఉంది, కానీ ఆకుపచ్చ రంగు, పక్కన బాతు బొమ్మ! ఇంటికి తెచ్చి, బడిపిల్లలు బొమ్మలకు వేసే నల్లరంగు పులిమి, మూత మీద నెలవంక గీశాను. రంగు ఆరేసరికి దానికి మూడొందల ఏళ్ళు నిండాయి. అడుగున ధర చీటీ ఎంత గీకినా ఊడలేదు. దానిమీద కూడా పులిమేశాను.

శనివారం మధ్యాహ్నం రెండింటికి సంఘం కూడింది. కూడాల్సింది పున్నమి రాత్రే గాని, సగం మందికి చీకట్లో కారు నడపడానికి కళ్ళు ఆనవు.

"మా ముత్తవ్వ పొగగొట్టం గోడలో దాచిందండీ. మొన్న ఇటుక ఊడితే దొరికింది," అన్నాను.

కార్యదర్శి ఎర్లీన్ మినిట్స్ పుస్తకంలో రాసుకుంది. వెండికాకి కుండ పట్టుకుని కళ్ళు మూసింది. ముక్కుపుటాలు అదిరాయి.

"అమ్మో, అమ్మో! ఎలాంటి మనిషి చేతుల్లో పడిందే ఇది! ఒళ్ళంతా కుళ్ళు! మెప్పు కోసం అల్లాడిపోయే రకం! ఈ కుండలో అబద్ధం ఉడికింది తల్లీ! అబద్ధం వండి ఊరందరికీ వడ్డించింది!"

ముత్తవ్వ సంగతేమో గాని, మొన్నటినుంచీ ఆ కుండ పట్టుకున్నది నేనేగా! తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"భయపడకు. కడిగితే పోతుంది. ఎర్లీన్! తొట్టిలో వేడినీళ్ళు పట్రా, ఉప్పూ వెనిగరూ వేసి."

"వద్దండీ! మా ముత్తవ్వ జ్ఞాపకం!"

"జ్ఞాపకం కరగదులే అమ్మా."

జ్ఞాపకం కరగలేదు, రంగు కరిగింది. నీళ్ళు నల్లబడ్డాయి, బాతు బయటపడింది. ఎర్లీన్ కుండ బోర్లించింది. అడుగున చీటీ: నాలుగు డాలర్లు.

"మీ ముత్తవ్వ పొగగొట్టంలో ధరలు కూడా అంటించేదా లొరెయిన్?" అని దెప్పింది.

పన్నెండు జతల కళ్ళు నామీద! కుర్చీ పోయింది. సిగ్గుతో చచ్చిపోయాను, ఏడుపు కూడా వచ్చేసింది. కోటు అందుకున్నాను.

"ఆగాగు!" అంది ఎర్లీన్.

నానిన చీటీ జారిపోయింది. దాని కింద ఎర్రటి గోళ్ళరంగుతో అక్షరాలు. చర్చి విందులకు గిన్నెలు పట్టుకెళ్ళేవాళ్ళం అందరం రాసుకునేదే: 'డోరిస్ పెల్కీ. తిరిగి ఇవ్వగలరు.'

"నీ కుండే!" ఎర్లీన్ వెండికాకి మీదికి తిరిగింది. "చర్చిలో ఆరేళ్ళు వరసగా చిక్కుడుగింజల వంటపోటీలో బహుమతి కొట్టేసిన కుండ! ఆరేళ్ళూ నేను రెండోదాన్ని! మా నాయనమ్మ పద్ధతి, రాత్రంతా సన్నసెగ మీద ఉడికించానన్నావు! ఇప్పుడు నీ నోటితోనే అన్నావు, ఇందులో అబద్ధం ఉడికిందని. బజార్లో కొన్న డబ్బా గింజలా డోరిస్? నిజం చెప్పు!"

పాపం వెండికాకి! ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాదంటే చేతుల్లో విద్య లేనట్టు, ఔనంటే ఆరు బహుమతులూ దొంగవైనట్టు! కుండను ఒకసారి, ఎర్లీన్‌ను ఒకసారి చూసింది. తర్వాత మెల్లగా తలెత్తింది.

"డబ్బావే," అంది గంభీరంగా. "ఆరేళ్ళూ డబ్బావే! చూశారా నా విద్య? నన్ను కూడా వదల్లేదు!"

చప్పట్లే చప్పట్లు! ఇద్దరైతే కళ్ళు తుడుచుకున్నారు. ఇంతటి మహిమ బయటపెట్టిన కుండను తెచ్చినందుకు పదమూడో కుర్చీ నాకే ఇచ్చేశారు. ఎర్లీన్ కూడా పళ్ళు కొరుక్కుంటూనే చెయ్యెత్తింది.

ఆ సంతోషంలో నా నోరు ఊరుకోలేదు. బల్లమీద మిగతా సభ్యులు తెచ్చిన సామాన్లు ఇంకా చాలా ఉన్నాయి: గుహలో దొరికిన ఇత్తడి గంట, స్వయంగా కొలిమిలో పోసిన కత్తి, ఎర్లీన్ స్వహస్తాలతో మలిచిన మట్టి దేవత.

"నీళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి. ఇవి కూడా కడిగేద్దామా?" అన్నాను.

ఎర్లీన్ దేవతను మెల్లగా శాలువా కిందికి లాక్కుంది. మరుక్షణంలో తీర్మానం ప్రవేశపెట్టింది కూడా ఆవిడే: 'ఇకమీదట సభ్యుల సామాను దేన్నీ బోర్లించి చూడరాదు.' పన్నెండు చేతులు ఒక్కసారిగా లేచాయి.

"లొరెయిన్, నువ్వేమంటావమ్మా?" అంది వెండికాకి.

పేరు పెట్టి పిలిచింది! నా చెయ్యి అందరికంటే ఎత్తుగా లేచింది.