కట్టినవాళ్లే విప్పాలి

ఆ పొద్దున అట్టపెట్టెల కార్ఖానా యజమాని వేసుకున్న లెక్క చాలా చిన్నది. పెద్ద కంపెనీ నుంచి ఒక మేడమ్ వస్తుంది. పనివాళ్ల భద్రత ఎలా ఉందో చూస్తుంది. నచ్చితే ఏడాది పొడుగునా పెట్టెల ఆర్డరు ఇస్తుంది. నచ్చకపోతే వచ్చే నెల నుంచి సగంమంది ఇంట్లో కూర్చోవాలి. ఆ సంగతి అందరికీ తెలుసు కనుక టీ దగ్గర కూడా ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

యజమాని కొత్త హెల్మెట్లు, చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్గులు తెచ్చి పంచాడు. హెల్మెట్లన్నీ ఒకే సైజు. కత్తెరక్కకి అది కళ్ల మీదికి జారిపోతోంది. అట్టలు కోసే మిషను ఆవిడదే, అందుకే ఆ పేరు.

"ఇది పెట్టుకుంటే నాకు మిషను కనపడటం లేదు సార్. భద్రతకి మంచిదేనా?"

"మేడమ్ వెళ్లేదాకా తల పైకెత్తి ఉంచు తల్లీ."

మెకానిక్‌కి మాత్రం ఇయర్ ప్లగ్గులు తెగ నచ్చాయి. "ఇన్నాళ్లకి మంచి వస్తువు తెచ్చారు సార్. ఇక మీరు పిలిచినా వినపడదు," అని రెండు చెవుల్లోనూ దూర్చుకుని, స్పానర్ పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ కార్ఖానాలో ఒక అలవాటు ఉంది. మిషనులో ఎవరు చెయ్యి పెట్టినా ముందు దాని స్విచ్చు పిడికి ఎర్రగుడ్డ కట్టాలి. గుడ్డ ఉన్నంతసేపు ఆ స్విచ్చు ఎవరూ ముట్టుకోరు. కట్టినవాళ్లే విప్పాలి. ఈ రూలు పెట్టింది యజమానే. చాలా ఏళ్ల కిందట పెద్ద రోలర్ల మిషను ఆయన ఎడమ చూపుడువేలి కొస తినేసింది. మర్నాడే చేతికట్టుతో వచ్చి, "నేనే వచ్చి విప్పమన్నా విప్పకండి," అని అందరికీ చెప్పాడు. ఇంట్లో మాత్రం వేలు తలుపు సందులో పడి నలిగిందన్నాడు. నిజం చెబితే భార్య కార్ఖానా మూయించేదాకా నిద్రపోదని ఆయన భయం.

ఆవిడ కార్ఖానాకి ఎప్పుడో గాని రాదు. ఆ రోజు వచ్చింది. పనివాళ్లంతా వాకిట్లో వరసగా నిలబడి, మేడమ్‌కి అందరూ ఒకేసారి నమస్కారం పెట్టడం నేర్చుకుంటున్నారు. లోపల మిషన్లు బోసిగా కనిపించాయి. గిఫ్టు పెట్టెలకి వాడే ఎర్ర రిబ్బను కట్ట ఒకటి బల్ల మీద ఉంది. ముడి వెయ్యడానికి వీలుగా ఉన్నవి స్విచ్చు పిడులే. ప్రతిదానికీ సీతాకోకచిలుకలాంటి ముడి వేసి, మురిసిపోయి, పువ్వులు కొనుక్కురావడానికి వెళ్లింది.

మేడమ్ వచ్చింది. నమస్కారం బాగానే కుదిరింది. అందరూ లోపలికి నడిచారు. నడిచినవాళ్లు నడిచినట్టే ఆగిపోయారు.

"ఊఁ, మొదలుపెట్టండి," అన్నాడు యజమాని.

"గుడ్డ ఉంది సార్," అంది కత్తెరక్క.

"అది గుడ్డ కాదు, రిబ్బను. మా ఆవిడ అలంకారానికి కట్టి ఉంటుంది."

"ఎర్రగా ఉంది, స్విచ్చుకి ఉంది. అయితే అమ్మగారినే వచ్చి విప్పమనండి."

యజమాని భార్యకి ఫోన్ చేశాడు. ఫోన్ ఆయన బల్ల మీదే మోగింది. మెకానిక్‌ని కేకేశాడు. ఉలుకూ పలుకూ లేదు. మేడమ్ చేతులు కట్టుకుని చూస్తోంది. ఆయన వాచీ చూసుకున్నాడు. ఇక లాభం లేదని పెద్ద రోలర్ల మిషను రిబ్బను తనే విప్పబోయాడు. కత్తెరక్క హెల్మెట్ పైకి నెట్టుకుని, స్విచ్చుకి అడ్డంగా నిలబడింది.

"జరుగు."

"జరగను సార్. మీరు విప్పమన్నా విప్పొద్దన్నది మీరే."

"ఇప్పుడూ నేనే కదా చెబుతున్నాను."

"అప్పుడు వేలు పోయి చెప్పారు. ఇప్పుడు ఆర్డరు పోతుందని చెబుతున్నారు. నేను వేలు మాటే వింటాను."

జిగురు పూసే ఆవిడ వచ్చి కత్తెరక్క పక్కన నిలబడింది. ఆమె పక్కన ఇంకొకరు. ఆర్డరు రాకపోతే ముందుగా ఇంటికి పోయేది వాళ్లే. అయినా ఒక్కరూ కదల్లేదు. ఎప్పుడూ హోరెత్తే ఆ రేకుల షెడ్డులో, పైకప్పు మీద పావురాలు నడుస్తున్న చప్పుడు ఆ రోజే మొదటిసారి అందరికీ వినిపించింది.

అంతలో పువ్వుల బుట్టతో భార్య వచ్చింది. "ఏమిటండీ, ఎవరో పోయినట్టు నిలబడ్డారు?" అంటూనే, సంగతి విని, నొచ్చుకుంటూ ఒక్కో రిబ్బనూ విప్పింది. విప్పిన మిషనల్లా కదలడం మొదలైంది. చివరికి పెద్ద రోలర్ల దగ్గరికి వచ్చింది.

"దీనికి ఎవరో జిడ్డోడుతున్న పీలిక ఒకటి కట్టారు. అసహ్యంగా ఉందని అది పారేసి, ఇది కట్టాను," అంది ముడి లాగుతూ.

కత్తెరక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఎర్రదేనా అమ్మగారూ?"

"జిడ్డు కింద ఎర్రదే అయ్యుంటుంది."

మిషన్లన్నీ మళ్లీ ఆగాయి. కత్తెరక్క వంగి రోలర్ల కిందికి చూసింది. రెండు పాదాలు కనిపించాయి. మెకానిక్ వెల్లకిలా పడుకుని, మోచేతుల దాకా రెండు చేతులూ రోలర్ల మధ్య పెట్టి, కూనిరాగం తీస్తూ బోల్టులు బిగించుకుంటున్నాడు. పాదం పట్టి లాగితే బయటికొచ్చి, చెవుల్లోంచి ప్లగ్గులు తీశాడు.

"పని ఇంకా కాలేదు. ఏమిటి, అందరూ నన్నలా చూస్తున్నారు?"

మెకానిక్ చేతులు రెండూ జిడ్డుతో నల్లగా మెరుస్తున్నాయి. అంత అందమైన వస్తువుల్ని జన్మలో చూడనట్టు అందరూ వాటినే చూశారు. యజమాని అట్టల దొంతర మీద కూలబడి, తన పొట్టి వేలిని రెండోచేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

మేడమ్ ముందుకొచ్చింది. "హెల్మెట్లు అన్నిచోట్లా చూశాను. యజమాని అడిగినా స్విచ్చు ఇవ్వనివాళ్లని ఇక్కడే చూశాను. పెట్టెలు మీరే చెయ్యండి."

షెడ్డంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. భార్య మాత్రం పనివాళ్లని అడిగింది. "గుడ్డకి ఇంత కథ ఉందని నాకు ఎవరూ చెప్పలేదే?"

"సార్ వేలు ఈ రోలర్లే కదమ్మా తినేసింది. అప్పట్నుంచే ఈ రూలు," అన్నాడు మెకానిక్ చేతులు తుడుచుకుంటూ.

ఆవిడ పువ్వుల బుట్ట కింద పెట్టి, భర్త వైపు నెమ్మదిగా తిరిగింది. "తలుపు సందులో నలిగిందన్నారు?"

యజమాని మెకానిక్ ముందు చెయ్యి చాచి, ఆ ఇయర్ ప్లగ్గులు ఒకసారి ఇమ్మన్నాడు.