తాళం వేస్తే ఆగే కారు

ఆదివారం పొద్దున ఏడింటికే చిన్నల్లుడు మామగారింటి షెడ్డులో కారు బానెట్ ఎత్తి నిలబడ్డాడు. పెద్దల్లుడు పదింటికి గానీ రాడు. ఈలోపు పని ముగించి, చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతూ కూర్చోవాలని అతని పథకం.

నిజానికి అతనికి కార్లంటే సరదా లేదు. చేసేది లైబ్రేరియన్ ఉద్యోగం. కానీ మామగారు వారం కిందటే ప్రకటించేశారు: "నాకిక చూపు ఆనడం లేదు. ఈ కారుని అర్థం చేసుకున్న అల్లుడికే ఇచ్చేస్తాను. వచ్చే ఆదివారం భోజనాలకి ముందే తాళంచెవి చేతిలో పెట్టేస్తా." ఆ చెయ్యి పెద్దల్లుడిదేనని ఇంటిల్లిపాదీ ఖాయం చేసుకున్నారు. చిన్నల్లుడికి కారు రాకపోయినా ఫరవాలేదు, అతగాడికి మాత్రం వెళ్ళకూడదు.

పెద్దల్లుడు పళ్ళ డాక్టరు. ఆ పాత టర్బో డీజిలు కారుకి ఓ జబ్బుంది. తాళంచెవి తిప్పి బయటికి తీసినా ఇంజన్ ఆగదు. ఇంజన్ పక్కనుండే పంపు గాలి లాగుతుంది. ఆ లాగుడు సన్నటి రబ్బరు గొట్టాల్లోంచి పోయి ఇంజన్ ఆపుతుంది, తలుపుల తాళాలూ వేస్తుంది. ఎక్కడ చిల్లుపడినా అంతే సంగతులు. పోయిన వారం పెద్దల్లుడు చిట్లిన గొట్టమొకటి పీకేసి, క్లినిక్కులో పేషెంట్ల నోట్లో ఉమ్ము లాగే ట్యూబు ముక్క అక్కడ తగిలించాడు. ఇంజన్ ఠక్కున ఆగింది. "మా బావగారి చెయ్యి పడితే ఇనుమైనా మాట వింటుంది" అంది చిన్నల్లుడి భార్య, కళ్ళు ఇంతలు చేసుకుని. సొంత మొగుణ్ణి బల్బు మార్చమని కూడా అడగదు ఆవిడ! ఆ మాట అతనికి వారమంతా అన్నం సహించకుండా చేసింది.

మొన్నట్నుంచి ఇంజన్ మళ్ళీ ఆగనని మొరాయిస్తోందని విన్నాక అతని కడుపు చల్లబడింది.

పని మాత్రం పద్ధతిగానే మొదలెట్టాడు. లైబ్రరీలో పుస్తకాల వీపుకి అంటించే చీటీలు తెచ్చి, ఒక్కో గొట్టానికీ ఒక్కో నంబరు వేసి అంటించాడు. అన్నీ ఊడదీసి, గుడ్డతో తుడిచి, ఆ ఉమ్మి ట్యూబుని ప్రత్యేకంగా అసహ్యించుకుని అవతల పారేసి, కొత్త గొట్టాలు కోసి, పాత నంబర్లే వాటికీ అంటించాడు. ఆ తర్వాత పాతికేళ్ళ అలవాటు చొప్పున ఎడం నుంచి కుడికి, నంబర్ల వరసన, అరలో పుస్తకాలు సర్దినట్టు సర్దేశాడు. గొట్టాలు దూరాల్సిన మూతులకి మాత్రం ఏ నంబరూ వేయలేదన్న సంగతి అతనికి తట్టలేదు.

చప్పుడుకి మామగారు లేచొచ్చారు. "నువ్వా అల్లుడూ!" అన్నారు, దొంగని చూసినంత ఆశ్చర్యంగా.

"ఒకసారి తిప్పి చూడండి మామయ్యగారూ" అన్నాడు చిన్నల్లుడు, ఛాతీ విరుచుకుని.

మామగారు ఉత్సాహంగా అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టి వీధి చివరిదాకా వెళ్ళొచ్చారు. షెడ్డులో ఆపి తాళంచెవి వెనక్కి తిప్పారు. ఇంజన్ ఆగలేదు. వెనక తలుపులు మాత్రం టప్పుమని తాళం పడ్డాయి.

"ఇదేం చోద్యమయ్యా!" అని మామగారు తాళంచెవి పీకి జేబులో వేసుకుని కిందికి దిగారు. ఇంజన్ గుడగుడలాడుతూనే ఉంది. అత్తగారు లోపల్నుంచి తలుపు గుంజుతున్నారు. చిన్నల్లుడు కంగారుగా ముందు తలుపులోంచి చెయ్యి పెట్టి అక్కడి తాళం బొత్తాం నొక్కాడు. ఇంజన్ ఆగిపోయింది. వెనక తలుపులు మాత్రం తెరుచుకోలేదు.

"అత్తయ్యగారూ, ముందు సీటు మీంచి ఇవతలకి వచ్చేయండి!"

"నా మోకాళ్ళు నీకిచ్చి రానా బాబూ?" అన్నారావిడ.

సరిగ్గా అప్పుడే పెద్దల్లుడు దిగాడు. ఇంట్లోంచి చిన్నల్లుడి భార్య పరుగెత్తుకొచ్చింది. "హమ్మయ్య, బావగారొచ్చేశారు!"

ఆ హమ్మయ్యతో చిన్నల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇదంతా మీ ట్యూబు వల్లే అన్నయ్యా! పళ్ళకి వాడేది కారుకి పెడతారా ఎవరైనా?"

పెద్దల్లుడు బానెట్లోకి తొంగిచూశాడు. "నా ట్యూబు చెత్తబుట్టలో ఉంది కదా తమ్ముడూ. ఈ చీటీలేంటి?"

"ఆ చీటీలు మీకెందుకు!"

కిటికీ అద్దం టకటకలాడింది. "మీ వాదన తర్వాత చేసుకోండి. చెవి వెనక్కి తిప్పాకే తలుపులు బిగుసుకున్నాయి. మళ్ళీ ముందుకి తిప్పి చూడండి, పుణ్యముంటుంది" అన్నారు అత్తగారు.

మామగారు తాళంచెవి పెట్టి తిప్పారు. తలుపులు టప్పుమని తెరుచుకున్నాయి. చిన్నల్లుడు నోరు వెళ్ళబెట్టాడు. చెవి తిప్పితే తలుపులూ, తాళం బొత్తాం నొక్కితే ఇంజనూ! రెండు గొట్టాలు ఒకదాని చోట ఒకటి ఉన్నాయన్నమాట. చెమటలు కక్కుతూ వాటిని మార్చి పెట్టాడు. మామగారు స్టార్ట్ చేసి, చెవి వెనక్కి తిప్పారు. ఇంజన్ ఠక్కున ఆగింది, ట్యూబు పెట్టిన రోజుకంటే చప్పున.

"శభాష్! తప్పు చేసినా తప్పెక్కడుందో పట్టుకున్నావు. ఇదిగో" అని మామగారు తాళంచెవి అతని చేతిలో పెట్టారు. "రేపట్నుంచి మమ్మల్నెక్కడికైనా తిప్పాల్సింది నువ్వే."

భార్య మొగుడి వంక కొత్తగా చూసింది. చిన్నల్లుడు మాత్రం పెద్దల్లుడి ముఖం మాడిపోవడం చూద్దామని గబుక్కున తిరిగాడు. ఆ ముఖం వెలిగిపోతోంది.

"నీ మేలు మరిచిపోను తమ్ముడూ" అంటూ అతను చేతులు పట్టుకున్నాడు. "ఏడాదై నా ఆదివారాలన్నీ ఈ బానెట్ కిందే గడిచాయి. నిన్నెవరూ పిలవరు, హాయిగా పుస్తకం పట్టుకుని వరండాలో పడుకుంటావు. నిన్ను చూస్తే నాకెంత కుళ్ళో నీకు తెలీదు."

మరుసటి ఆదివారం చిన్నల్లుడు బానెట్ కింద ఉన్నాడు. "ఏమండీ, అయ్యాక అమ్మావాళ్ళని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి" అని భార్య కేకేసింది. వరండాలో తను ప్రతి ఆదివారం వాలే కుర్చీలో పెద్దల్లుడు కాళ్ళు బారజాపుకుని చదువుకుంటున్నాడు. చిన్నల్లుడికి ఒళ్ళంతా భగ్గుమంది.

ఆ పుస్తకం తన లైబ్రరీదే, గడువు దాటి నాలుగు రోజులయింది.