జమ్ముపర్రును కాపాడిన ఎర్ర గ్రావెల్

నేల బాగుపడాలంటే దాని మీద డీజే పెట్టాలి!

నవ్వకండి. ముప్పై మూడేళ్లు డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. వట్లూరులో మా డాబా మీదున్న నాలుగు కుండీల్లోని మట్టి తప్ప నాకు సొంత నేలంటూ లేదు. అంటే నాకు నేల మీద స్వార్థం లేదు, ఉన్నదంతా ప్రేమే. అలాంటి భీమశంకరం అనే నేను చెబుతున్నాను, రాసి పెట్టుకోండి. దాని మానాన దాన్ని వదిలేస్తే ఏ నేలా బాగుపడదు. దానికి స్టేజీ కావాలి, సౌండు కావాలి, ఫుడ్ కోర్టు కావాలి. ముఖ్యంగా పార్కింగ్ కావాలి!

రుజువేమిటంటారా? జమ్ముపర్రు ఉంది కదా!

ఏలూరులో కనకరాజు గారని ఒక పెద్దమనిషి ఉన్నారు. లేఅవుట్లు వేస్తారు. చాలా సౌమ్యులు, చీమక్కూడా అండీ అని దారిస్తారు. ఆయనకు ఒకనాటి ఉదయం వాకింగ్‌లో కొల్లేరు మీద ప్రేమ పుట్టింది. సాయంత్రానికల్లా ‘నేల నేస్తం’ అనే సమితి పుట్టింది. దానికి నన్ను గౌరవ సలహాదారుగా వేశారు. వాళ్లు సలహా అడగరు, గౌరవం మాత్రం ఇస్తారు. రిటైరైన మాస్టారికి ఇంతకంటే ఏం కావాలి?

సమితి పుట్టాక కాపాడ్డానికి ఒక నేల ఉండాలి కదా! వెతగ్గా వెతగ్గా కొల్లేటి అంచున జమ్ముపర్రు అనే చిన్న ఊరు దొరికింది. ఊరి చివర పర్ర. వానల్లో నీళ్లు నిలిచి, ఎండల్లో గడ్డి మొలిచే ఊరుమ్మడి నేల అన్నమాట. గేదెలు మేస్తాయి, బాతులు తిరుగుతాయి, చలికాలంలో గూడకొంగలు దిగుతాయి. ఊళ్లో పడిన వాన నీరంతా ఒక బోదె కాలువ గుండా ఈ పర్ర దాటి కొల్లేట్లో కలుస్తుంది. తాతల నాటి నుంచి ఈ నేలను ఎవరూ కాపాడలేదు, పాపం! అందుకే ఎలా ఉన్నది అలాగే ఉండిపోయింది.

ఫిబ్రవరిలో చిత్తడి నేలల దినోత్సవం వస్తుంది. ఆ వారంలోనే ఆదివారం చూసి ‘కొల్లేటి సంబరం’ పెట్టాలని తీర్మానించాం. పర్ర మీదే, ఆరుబయట, ఆకాశం కింద. పాసులు అమ్మాలి, చందాలు పోగు చేయాలి, ఆ నిధితో పర్రను శాశ్వతంగా కాపాడాలి.

అంతా బాగుంది గానీ ఒక్కటే చిక్కు వచ్చింది. చిత్తడి నేల చిత్తడిగా ఉంది!

“మాస్టారూ, వచ్చేవాళ్లు బూట్లతో వస్తారండీ. కాలు దిగబడితే చందా ఎవరిస్తారండీ?” అన్నారు కనకరాజు గారు.

న్యాయమైన మాటే కదా! నాలుగు రోజులు టిప్పర్లు తిరిగాయి. పర్రలో సగం మేర ఎర్ర గ్రావెల్ పరిచారు. స్టేజీ దాకా కారు వెళ్లాలని బోదెకు అడ్డంగా గ్రావెల్ పోసి బాట వేశారు. నేను దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

“కనకరాజు గారూ, బోదె దగ్గర అడుగున పైపులు వేయిస్తే నీళ్లు పోతాయండీ,” అన్నాను. అదే నా మొదటి సలహా.

“సంబరం అయిపోగానే గ్రావెలే ఎత్తించేస్తామండీ. మళ్లీ పైపులెందుకండీ?” అన్నారాయన.

నేను తల ఊపాను. అంతే. అదే నా చివరి సలహా కూడా!

ఇక సంబరం సంగతి చెబుతాను. అబ్బబ్బ, ఏం సంబరమండీ!

ప్లాస్టిక్ వాడొద్దని ఇరవై అడుగుల ప్లాస్టిక్ ఫ్లెక్సీ కట్టారు. తొమ్మిదింటికి డీజే వాళ్లు సౌండు టెస్ట్ చేశారు. ఆ దెబ్బకు పర్రలో ఉన్న గూడకొంగలన్నీ ఒక్కసారిగా లేచి, మా నెత్తిన ఒక చుట్టు తిరిగి, పడమటికి వెళ్లిపోయాయి. “మనకు సెల్యూట్ చేస్తున్నాయి!” అంది మైకు పట్టుకున్న ఇందుజ. ఏలూరులో పెళ్లిళ్లకూ ఓపెనింగులకూ ఈ అమ్మాయే యాంకరు. పక్షుల ఫోటోల పోటీ పదిన్నరకు. పక్షులు లేకపోతే పోటీ ఆగుతుందా? సెల్ఫీ పాయింటు దగ్గర నిలబెట్టిన థర్మాకోల్ కొంగను అందరూ ఫోటో తీశారు. ముగ్గురికి బహుమతులిచ్చారు. జడ్జీని నేనే. మూడింటిలోనూ కొంగ కదలకుండా చక్కగా వచ్చింది.

మొక్కలు నాటాం. ఆ జాతి మొక్క ఈ నేలది కాదని, చుట్టుపక్కల గడ్డిని బతకనివ్వదని నాకు తెలుసు. చెబుదామని నోరు తెరిచాను. ఎవరో అందులో కాజా పెట్టారు.

పన్నెండింటికి సన్మానాలు. ‘నేల బిడ్డ’ బిరుదు ఊళ్లోవాళ్లకే ఇస్తే బాగుంటుందని కనకరాజు గారి ఆలోచన. అలా స్టేజీ ఎక్కిందావిడ. పేరు శేషారత్నం. యాభై దాటిన మనిషి, ఆ పర్ర మీద బాతులు మేపుకుని బతుకుతుంది. రెండు వందల పైచిలుకు బాతుల్ని ఆవేళ తెల్లారే దడిలోకి తోలేసి తలుపు కట్టమన్నారట. పాసులున్నవాళ్లకు అడ్డం వస్తాయని.

శాలువా కప్పాక ఇందుజ మైకు అందించింది. “అమ్మా, మన నేల గురించి రెండు మాటలు!”

శేషారత్నం మైకును రెండు చేతులతో పట్టుకుంది. మెల్లగానే మాట్లాడింది గానీ సౌండు బాక్సులు పెద్దవి కదా, ఊరంతా వినబడింది.

“ఏవండీ, ఈ మట్టి ఎప్పుడు తీయించేస్తారండీ? బోదె మూసుకుపోయిందండీ. వానలొస్తే నీళ్లు మా పేటలోకి వచ్చేత్తాయండీ.”

“వావ్! మట్టి మీద ఎంత ప్రేమో చూశారా!” అని కేక వేసింది ఇందుజ. “గట్టిగా క్లాప్స్!”

డీజే ఒక దరువు వేశాడు. జనం విరగబడి చప్పట్లు కొట్టారు. ముందు వరసలో అందరికంటే ముందు మొదలుపెట్టినవి నా చేతులే. స్టేజీ దిగుతూ ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపుకు అర్థం నాకప్పుడు తెలియలేదు. తెలిసుంటే కాజా అరిగేది కాదు.

సంబరం అయిపోయింది. టెంట్లు వెళ్లాయి, జెనరేటర్లు వెళ్లాయి, థర్మాకోల్ కొంగ కూడా బండెక్కి వెళ్లిపోయింది. గ్రావెల్ మాత్రం వెళ్లలేదు.

మార్చిలో శేషారత్నం బస్సెక్కి ఏలూరు వచ్చింది. తోడుగా క్రీస్తుదాసు గారు. ఆయన వాళ్ల పేటలోనే ఉంటారు, అక్కడి చర్చి పెద్ద. సమితి ఆఫీసులో కనకరాజు గారు ఇద్దరికీ కూల్ డ్రింకులిచ్చి కూర్చోబెట్టారు.

“తీయించేస్తామండీ. కాకపోతే వచ్చే ఏడాది సంబరం ఇంతకంటే ఘనంగా చేద్దామనుకుంటున్నామండీ. తీసి మళ్లీ పోయడం దండగ కదండీ?”

“మరి చందాలిచ్చారు కదండీ, పర్రను బాగు చేయడానికని?” అని క్రీస్తుదాసు గారు అడిగారు.

“అది వచ్చే ఏడాది సంబరానికండీ!”

చూశారా, ముందు చూపంటే అది! ఆవేళ నేనూ అక్కడే ఉన్నాను. “చూద్దాంలే అమ్మా,” అన్నాను. ఏప్రిల్లోనూ వచ్చారు, మేలోనూ వచ్చారు. ప్రతిసారీ చూద్దాంలే అన్నాను. చూడ్డంలో నాకు మంచి అనుభవం ఉంది.

జూలైలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున్న క్రీస్తుదాసు గారి ఫోను.

“మాస్టారండీ, పేట మునిగిపోయిందండీ. మా అమ్మని మంచంతో సహా ఎత్తి చర్చి అరుగు మీద పెట్టామండీ. రత్నమ్మ గారి దడి మునిగి పిల్ల బాతులన్నీ పోయినాయండీ. మీ వాళ్లకి చెప్పి ఆ బాట కొట్టించండి.”

వాళ్ల అమ్మ సారమ్మ గారికి ఎనభై దాటాయి. నడుము పడిపోయి రెండేళ్లుగా మంచం మీదే ఉంది.

కనకరాజు గారికి ఫోన్ చేశాను. మీటింగులో ఉన్నారు. గంటాగి చేశాను. మీటింగులోనే ఉన్నారు. ఇక ఆగలేక ఆటో మాట్లాడుకుని జమ్ముపర్రు బయల్దేరాను. గతుకుల రోడ్డు, మధ్యలో వాన. నేను వెళ్లేసరికి పదకొండు దాటింది.

అప్పటికే అయిపోయింది. పేటలోని ఆడా మగా పారలు, పలుగులు పట్టుకొచ్చి బోదెకు అడ్డంగా ఉన్న గ్రావెల్ బాటను నిలువునా కోసేశారు. ఎర్రటి నీళ్లు సుళ్లు తిరుగుతూ కొల్లేటి వైపు పోతున్నాయి. పేటలో మోకాలి లోతు నీళ్లు పాదాల లోతుకు దిగాయి. శేషారత్నం గట్టు మీద గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. పక్కన తట్టలో చచ్చిన పిల్ల బాతులు. ఎన్నో నేను లెక్కపెట్టలేదు.

కథ ఇక్కడ ఆగితే నా వాదన వీగిపోయినట్టే! కానీ నేల నేస్తం ఊరుకుంటుందా? నేలంటే ప్రాణం కదా! ‘పరిరక్షణలో ఉన్న చిత్తడి నేలను దుండగులు ధ్వంసం చేశారు’ అని మర్నాడే ఫిర్యాదు ఇచ్చింది. దుండగుల పేర్లు రాయాలి కాబట్టి ‘నేల బిడ్డ’ బిరుదాంకితురాలు శేషారత్నం, తదితరులు అని రాసింది. సాక్షి కావాలి కాబట్టి గౌరవ సలహాదారు పేరు రాసింది.

స్టేషన్లో కనకరాజు గారు నా పక్క కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా బెంచీ మీద శేషారత్నం, క్రీస్తుదాసు గారు. వాళ్ల కాళ్ల మీద బురద ఇంకా ఆరలేదు.

“మాస్టారూ, మీరు పెద్దలు, ఉన్నదున్నట్టు చెప్పండి,” అన్నారు ఎస్సై గారు. ఆవిడకు ముప్పై కూడా ఉండవు. “వీళ్లు తవ్వడం మీరు చూశారా?”

కనకరాజు గారు నా మోచేతి మీద చెయ్యి వేశారు. మెత్తటి చెయ్యి. జీవితంలో ఎవరి మాటా కాదనలేదండీ నేను, ప్రిన్సిపాల్ మాట కూడా.

“తవ్వడం చూళ్లేదండీ,” అన్నాను. “పూడ్చడం చూశాను. నాలుగు రోజులు కుర్చీ వేసుకుని మరీ చూశాను.”

మోచేతి మీద చెయ్యి తీసేశారు.

ఎస్సై గారు ఆయన వైపు తిరిగారు. “బోదె పూడ్చడానికి పర్మిషన్ కాగితం ఏదైనా ఉందా అండీ?”

“అది సేవండీ! సేవకు కాగితం ఏంటండీ?”

“ఫిర్యాదుకు కాగితం తెచ్చారు కదండీ. సేవక్కూడా తెండి.”

కాగితం రాలేదు. రెండో రోజున ఫిర్యాదు వెనక్కి వెళ్లింది. బోదె మీది బాటను పంచాయతీ వాళ్లు మొత్తం ఎత్తించారు. పర్ర మీద పరిచిన గ్రావెల్ మాత్రం సగం అలాగే ఉంది. ఈ ఏడు గడ్డి అక్కడక్కడా మొలిచింది, గూడకొంగలు కాసినే వచ్చాయి. శేషారత్నం మళ్లీ పిల్ల బాతుల్ని తెచ్చుకుంది. నేల నేస్తం నన్ను సగౌరవంగా తీసేసింది. సలహా మాత్రం అడగలేదు.

ఆవేళ స్టేషన్ బయట శేషారత్నానికి దణ్ణం పెట్టాను. “అమ్మా, తప్పయిపోయింది. ముందే చెప్పాల్సింది,” అన్నాను.

“మీరు చెడ్డోరు కాదండీ మాస్టారు,” అందావిడ. కోపంగా కూడా అనలేదు. “చదువుకున్నోరు కదండీ. ఎవరు పిలిచినా వచ్చేత్తారు, అంతేనండీ.”

ముప్పై మూడేళ్లలో నాకు దక్కిన సన్మానపత్రాలన్నిటిలో నిజం రాసింది ఇదొక్కటే.

ఇంత జరిగినా నా వాదన మారలేదు. సంబరం మంచిదే! లేకపోతే తాతల నాటి నుంచి బాగున్న నేల ఎందుకు బాగుందో మాలాంటివాళ్లకు ఎప్పటికి తెలిసేది?

అన్నట్టు, కనకరాజు గారి ప్రేమ ఇప్పుడు చింతలపూడి వైపు ఒక చెరువు మీద పడిందట. పాసులు అచ్చయ్యాయి. గౌరవ సలహాదారుగా నా పాత సహోద్యోగి, జంతుశాస్త్రం మాస్టారిని వేశారు. ఉండబట్టలేక ఫోన్ చేశాను. “శంకరం గారూ, మీకు అసూయండీ,” అని పెట్టేశారు.

కాబట్టి చింతలపూడి వారికే నేరుగా మనవి చేసుకుంటున్నాను. మీ చెరువు చూడ్డానికి ఎవరైనా వస్తే మజ్జిగిచ్చి పంపండి. చేపలు పట్టుకోవడానికి వస్తే బేరమాడండి. కాపాడ్డానికి వచ్చామంటే మాత్రం, మీ ఇళ్లలో పారలు ఎక్కడున్నాయో ముందు చూసి పెట్టుకోండి.