వంక గట్టున ఆకుపచ్చ వోణీ

ఎండ ముదరకముందే వంక వెంబడి నడిచిపోయి, మడుగు అవతల ఈతపండ్లు కోసుకొని, మధ్యాహ్నం కూటికి ఇల్లు చేరాలన్నది లలిత, షాహీదాబీల ఏర్పాటు. వాళ్ళది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. బయలుదేరేముందు ముచ్చటపడి వోణీలు మార్చుకున్నారు. షాహీదాది రంజాన్‌కు ప్రొద్దుటూరులో కొన్న ఆకుపచ్చ వోణీ, వెండి జరీ అంచు.

"మరక పడిందంటే మాయమ్మ నన్ను వంకలోనే పూడుస్తాది. జాగర్త!" అంది షాహీదా.

లలిత తల ఊపింది. ఆమె మాటలు చాలావరకు తల ఊపడంతోనే ముగిసిపోతాయి. ఇంటికి చుట్టాలొస్తే గాదె వెనక దాక్కునే పిల్ల అది.

జాగ్రత్త చెప్పించుకున్న పిల్ల మడుగు దగ్గర కాలు జారి బురదలో కూర్చుంది.

"ఏడవమాక. ఉతికి ఆరేస్తే చిటికెలో ఆరిపోతాది. నేను పండ్లు కోసుకొనొస్తా" అని షాహీదా ఎగువకు పోయింది. లలిత వోణీ ఉతికి, గాలికి ఎగిరిపోకుండా గట్టు మీది తుమ్మకొమ్మకు ముడివేసింది. అంతలోనే ఎవరో మగమనిషి దగ్గు వినబడింది. వోణీ లేకుండా మగవాళ్ళ కంట పడడమా! చటుక్కున తంగేడు పొదల్లోకి దూరింది.

వచ్చినవాడు మేకలు కాచే పీర్ సాహెబ్. తప్పిపోయిన మేక కోసం పొద్దున్నుంచీ వంకంతా గాలిస్తున్నాడు. కొమ్మకు ముడివేసిన పచ్చగుడ్డను, దాని వెండి అంచును చూడగానే చెప్పులు విడిచాడు. ఆ ప్రాంతంలో చెట్టుకు అలాంటి గుడ్డ కట్టి ఉంటే అక్కడ ఎవరో మొక్కుకున్నారని లెక్క. ఏ దేవుడని అడిగేవాళ్ళు లేరు. పీర్ సాహెబ్ తన రుమాలు అంచు చించి పక్కన కట్టాడు.

"నువ్వెవురో నాకు తెలీదు సామీ. నా మేక దొరికితే సక్కెర సదివించి అందరికీ పంచుతా."

'తాతా, అది నేను ఆరేసిన వోణీ' అంటే అయిపోయేది. మాట గొంతుదాకా వచ్చి, సిగ్గుపడి వెనక్కి పోయింది. ఈలోగా అదే పొదల నీడలో పడుకున్న మేక ఒకటి లేచి లలిత లంగా అంచు రుచి చూడసాగింది. లలిత దాని మూతి మీద ఒక్కటిచ్చింది. అది ఎగిరి దూకి పీర్ సాహెబ్ కాళ్ళ దగ్గర పడింది.

తన మేక దొరికిందని ఆయన వేసిన కేకకు దిగువన గుడ్డలుతుకుతున్న ఆడవాళ్ళందరూ పరుగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు లలిత అవ్వ నాగమ్మ. శుక్రవారం కావడంతో స్నానానికి తెచ్చుకున్న పసుపు చేతిలోనే ఉంది. చెట్టు కింద ఒక రాయి నిలబెట్టి పసుపు పూశారు. ఆ చేతులతోనే వోణీని తాకి కళ్ళకద్దుకున్నారు. ఒక్కో చెయ్యి పడినప్పుడల్లా పొదలో లలిత ప్రాణం చివుక్కుమంటున్నది.

నాగమ్మ చేతులు జోడించింది. "తల్లీ, మా లలిత నోట్లో నాలుక ఉందో లేదో మాకే తెలీదు. మొన్న అది లోపలుందని తెలీక బీగమేసుకొని తిరనాళకు పోతిమి. వాకిలేసేటప్పుడు కూడా 'నేనీడ ఉండా' అనలేదు! దానికి కాస్త నోరియ్యి. టెంకాయ కొడతా."

"నాగమ్మత్తా, కొంచెమే అడుగు. నీ అంత నోరొస్తే ఊరు తట్టుకోలేదు" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. పొదలో లలిత మాత్రం భూమిలోకి దూరే దారి వెతుకుతున్నది.

"ఉండండి, అందరికీ తలా ఒక పీలిక ఇస్తా. ఇంటి గడపకు కట్టుకోండి" అని పీర్ సాహెబ్ ముడి విప్పి, వోణీ అంచును రెండు చేతులా పట్టుకున్నాడు.

"చించొద్దు!" అని పొద అరిచింది.

అందరూ కొయ్యబారిపోయారు. లలిత రెండు చేతులూ ఎదకు అడ్డం పెట్టుకొని బయటికొచ్చింది. ముఖం కందిపోయి ఉంది.

"అది షాహీదా వోణీ! బురదైతే ఉతికి ఆరేసినా! గాలికి పోతాదని ముడేసినా! మేకను తోలిందీ నేనే! ఈడ దేవుడూ లేడు, పీరూ లేడు, నేనే ఉండా!"

నాగమ్మ రాయి ముందు సాగిలపడింది. "సూసినారా అమ్మా! నేనడిగి ఇంకా నోరు మూయల్యా!"

"అవ్వా, నేను చెప్పేది ఇను..."

"గడగడా మాట్లాడతాంది తల్లీ!"

లలిత నిజం చెప్పేకొద్దీ రాయికి మహిమ పెరిగింది. అప్పుడే ఒడినిండా ఈతపండ్లతో షాహీదా వచ్చి, తన పండగ వోణీకి అంటిన పసుపు చూసింది. పండ్లన్నీ ఇసుకపాలయ్యాయి.

పీర్ సాహెబ్ వోణీని భక్తిగా మడిచి ఇచ్చాడు. తిరుగుదారిలో లలిత నోరు విప్పలేదు. షాహీదా మూయలేదు.

మరుసటి శుక్రవారానికి తుమ్మకొమ్మ నిండా పీలికలు వేలాడాయి. వాటిలో అన్నిటికంటే కింద, ఎవరూ లేనప్పుడు కట్టిన పీలిక ఒకటుంది: వోణీ మీది పసుపు షాహీదా వాళ్ళమ్మ కంట పడకూడదని లలిత మొక్కుకొని కట్టింది.